ఎవరి తాలూకు?

బస్సు మారడానికి పామర్రులో దిగని కృష్ణా జిల్లా మనిషి అరుదు. ఆ నాలుగు రోడ్ల కూడలి వెనకాల ఒక ఊరుంది. అక్కడి బతుకు గురించి ఈ కథనం.

పామర్రు సెంటర్లో బస్సు దిగి పది నిమిషాలు నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఆ మాట అడుగుతారు. మొన్న కార్తీకంలో నన్ను అడిగింది ఒక పెద్దావిడ. చల్లపల్లి బస్సు కోసం బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న అరటిపళ్ళు, చేతిలో మడతలు పడిన ఆధార్ కార్డు. కాస్త జరిగి నాకు చోటిచ్చి, మొహంలోకి ఓ క్షణం పరకాయించి చూసి, "ఎవరి తాలూకమ్మా?" అంది.

విజయవాడలో మేముండే అపార్ట్‌మెంటులో ఆరేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. అక్కడ లిఫ్టు దగ్గర "ఏ ఫ్లాటండీ?" అంటారు. నెంబరు చెబితే సరిపోతుంది. ఈవిడకి నెంబరుతో పనిలేదు. నేను ఎవరి కూతుర్ని, ఎవరి మనవరాల్ని, ఏ ఊరి పిల్లని అన్నది కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక తడుముకుంటుండగానే ఆవిడ ఎక్కాల్సిన పల్లెవెలుగు వచ్చేసింది. "సరేలే, వచ్చేప్పుడు చెబుదువుగాని" అని సంచి సర్దుకుని ఎక్కేసింది.

వచ్చేప్పుడు! నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానని, తను ఇదే సెంటర్లో దిగుతుందని, మళ్ళీ మేమిద్దరం కలుసుకుంటామని ఆవిడకి అనుమానమే లేదు. ఆ ధీమా ఎక్కడిదో తెలుసుకోవాలంటే పామర్రు తెలియాలి.

నాలుగు దారుల ఊరు

పామర్రు నాలుగు రోడ్లు కలిసే చోట కుదురుకున్న ఊరు. ఒక దారి ఉయ్యూరు, కంకిపాడు మీదుగా సుమారు నలభై కిలోమీటర్లు నడిచి విజయవాడ చేరుతుంది. ఒకటి నిడుమోలు మీదుగా బందరు వెళ్తుంది. ఒకటి గుడివాడకి. నాలుగోది కూచిపూడి మీదుగా చల్లపల్లికి, అక్కణ్ణించి అవనిగడ్డకి, దివిసీమలోకి. విజయవాడ–బందరు దారి ఒకప్పుడు 9వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. నెంబరు మారింది, నాలుగు వరుసలైంది, పేరు మాత్రం మారలేదు. ఇక్కడివాళ్ళకి అది ఎప్పటికీ బందరు రోడ్డే. గుడివాడ వైపు వెళ్ళేది 165వ నెంబరు రహదారి. అది కైకలూరు, ఆకివీడు, భీమవరం దాటుకుంటూ పాలకొల్లు పక్కనున్న దిగమర్రులో ఆగుతుంది. పామర్రులో మొదలై దిగమర్రులో ముగిసే ఆ దారిని తలుచుకున్నప్పుడల్లా, రెండు మర్రులకీ ఎవరో కావాలనే చుట్టరికం కలిపారనిపిస్తుంది.

ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే గుడివాడ వెళ్ళాలి. అందుకే ఇక్కడ బస్సే ప్రాణం. తెల్లవారుజామునే పాల క్యాన్లు, పూల బుట్టలు సెంటర్‌కి చేరతాయి. కాస్త వెలుగు రాగానే టిఫిన్ క్యారియర్లతో పొలం పనులకి వెళ్ళే ఆడవాళ్ళు ఆటోల్లో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు సర్దుకుంటారు. ఆ తర్వాత కాలేజీ బస్సుల వంతు. పది గంటలకి మండల ఆఫీసులో పనున్నవాళ్ళు జిరాక్స్ షాపు ముందు చేరతారు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి బస్సుల్లో ఆడవాళ్ళ మాటలు ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకుని కూతురింటికో, గుడికో, కంటి డాక్టరు దగ్గరికో బయల్దేరుతున్నారు. ఛార్జీ డబ్బుల కోసం ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేని ప్రయాణం. పట్నంలో ఇది ఎలా కనిపిస్తుందో గాని, ఇక్కడ దాని విలువ ఆ పెద్దావిడ చేతిలోని కార్డు మడతల్లోనే తెలుస్తుంది.

ఈ సెంటర్లో క్యాలెండరు చూడక్కర్లేదు, కొట్ల ముందు ఏం పెట్టారో చూస్తే నెల చెప్పొచ్చు. వరి విత్తనాల బస్తాలు అరుగుల మీదికి వచ్చాయంటే తొలకరి. ఎరువుల కొట్టు ముందు మోటారు సైకిళ్ళు బారులు తీరాయంటే నాట్లు పూర్తయినట్టు. నీలం రంగు టార్పాలిన్ పట్టాల చుట్టలు కనబడ్డాయంటే కోతలు దగ్గరపడ్డాయి, ఆకాశం మీద అనుమానం మొదలైంది. ముగ్గు రంగుల కుప్పలు సంక్రాంతివి. పచ్చడి జాడీలు వచ్చాయంటే ఎండలు ముదిరినట్టే.

తాలూకా పోయింది, తాలూకు మిగిలింది

పెద్దావిడ ప్రశ్నలోని మాటకి ఒక చరిత్ర ఉంది. సంబంధం, ముడి అనే అర్థమున్న 'తఅల్లుఖ్' అనే అరబీ మాట ఉర్దూ, పారశీకాల మీదుగా మన దగ్గరికి వచ్చి రెండు పాయలైంది. ఒక పాయ ఆఫీసులోకి వెళ్ళి 'తాలూకా' అయింది, అంటే తహసీల్దారు ఏలుబడిలోని ప్రాంతం. రెండో పాయ ఇళ్ళలోకి వచ్చి 'తాలూకు' అయింది. పెళ్ళికొడుకు తాలూకు, అమ్మాయి తాలూకు, మా తాతగారి తాలూకు పొలం అంటూ వాడుకుంటున్నాం.

1985లో రాష్ట్రంలో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. ప్రభుత్వ ఆఫీసు పల్లెకి దగ్గరవ్వాలన్న ఆలోచన అది. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు పుట్టింది ఈ పామర్రు పక్కనున్న నిమ్మకూరులోనే, 1923 మే 28న. ఒకప్పుడు కాగితం పని ఉంటే గుడివాడ తాలూకా ఆఫీసు దాకా వెళ్ళిన నిమ్మకూరుకి ఇప్పుడు పామర్రే మండల కేంద్రం. ఆ తర్వాత 2008 నియోజకవర్గాల పునర్విభజనలో నిడుమోలు నియోజకవర్గం పోయి పామర్రు వచ్చింది. అది షెడ్యూల్డు కులాల రిజర్వుడు స్థానం. 2009లో తొలి ఎన్నిక జరిగింది. పామర్రు, పెదపారుపూడి, పమిడిముక్కల, తోట్లవల్లూరు, మొవ్వ మండలాలు అందులోవి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, పామర్రు బందరు కేంద్రంగా కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. అంటే ఎన్టీఆర్ పుట్టిన ఊరు కృష్ణా జిల్లాలో ఉంది, ఆయన పేరున్న జిల్లా పక్కన ఉంది.

ఇన్ని గీతలు చెరిపి మళ్ళీ గీశారు. తాలూకా పోయి నలభై ఏళ్ళు దాటింది. తాలూకు మాత్రం పోలేదు. బస్సు బల్ల మీద, టీ కొట్టు దగ్గర, పెళ్ళి పందిట్లో ఊరు తన సొంత రికార్డు రాసుకుంటూనే ఉంది.

చేను ఒకరిది, చెమట ఒకరిది

ఊరు దాటి ఏ దారిన రెండు కిలోమీటర్లు వెళ్ళినా మాగాణే. ఈ పచ్చదనం ఊరికే రాలేదు. 1832–33 నందన కరువులో కృష్ణకి అటూ ఇటూ జనం తిండి లేక రాలిపోయారు. నది పక్కనే ఉంది, నీళ్ళు సముద్రానికి పోతున్నాయి. ఆ దుఃఖం తర్వాతే విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట ఆలోచన బలపడి, 1852–55 మధ్య కట్టడం పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీళ్ళూ ఇటు వస్తున్నాయి. "కాలవలో నీళ్ళు ఎవరి తాలూకు?" అంటే ఇప్పుడు రెండు నదుల పేర్లు చెప్పాలి.

సార్వా వరి కోతకి రెండు మూడు రోజుల ముందు ఈ చేలల్లో జరిగే పని ఒకటి దగ్గరగా చూడాలి. పైరు ఇంకా నిలబడే ఉంటుంది. కంకులు బంగారు రంగుకి తిరిగి ఉంటాయి. రైతు గోచీ బిగించి, నడుముకి మినుముల మూట కట్టుకుని, ఆ వరి దుబ్బుల మధ్యన గుప్పిళ్ళతో మినుములు చల్లుకుంటూ పోతాడు. నేలలో తడి మరీ ఎక్కువుంటే విత్తనం కుళ్ళిపోతుంది, తక్కువైతే మొలవదు. మడమతో నేలని నొక్కి చూసి పదును తెలుసుకుంటాడు. వరి కోసేసరికి దుబ్బుల సందున జంట ఆకులు లేచి ఉంటాయి. ఆ తర్వాత ఆ చేనుకి నీళ్ళు పెట్టరు. వరి వదిలిన తడితో, రాత్రి మంచుతో మినుము రెండున్నర నెలల్లో కాయకొస్తుంది. మన ఇళ్ళలోని గారెలు, సున్నుండలు, దోసెలు ఆ మడమ చెప్పిన లెక్కలోంచి వచ్చినవే.

ఈ మధ్య కోత మిషన్లు వచ్చాక ఆ లెక్క చెదిరింది. మిషను చక్రాల కింద మొలక నలిగిపోతుందని కొందరు కోత అయ్యాకే చల్లుతున్నారు. అప్పటికి పదును ఆరిపోతుందేమోనని బెంగ. మొలిస్తే పల్లాకు తెగులు బెంగ. అంతకుముందే తుపాను బెంగ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన చేలు నీళ్ళలో పడుకున్నాయి. ధాన్యం ఆరబెట్టుకోవడానికి రోడ్డంత పొడుగునా జనం, ఒక కన్ను గింజ మీద, ఒక కన్ను మబ్బు మీద.

ఆ గింజ ఎవరి తాలూకు అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. పట్టాదారు పాసు పుస్తకంలో ఉన్న పేరు చాలాసార్లు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటుంది. నేలలో దిగినవాడు కౌలు రైతు. కౌలు బస్తాల లెక్కన ముందే మాట్లాడుకుంటారు. పంట పోయినా ఆ మాట పోదు. 2011లో కౌలు రైతులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చి, పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం కావాలంది. ఆ సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమానికి భయం. అది లేకపోతే కౌలు రైతు బ్యాంకు మెట్లెక్కలేడు. నష్టపరిహారం జాబితాలో అతని పేరుండదు. ఎరువుల కొట్టులో అప్పు మాత్రం అతని పేరు మీదే ఉంటుంది. దొరికే ఆ అప్పు కూడా "ఫలానా వాళ్ళబ్బాయి, నాకు తెలుసు" అన్న ఒక్క మాట మీద దొరుకుతుంది. చట్టం గుర్తించని మనిషిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది. సంతోషించాల్సిందే. కానీ ఊరి గుర్తింపు అప్పు పుట్టిస్తుంది, పరిహారం పుట్టించలేదు. ఆ పని చట్టమే చెయ్యాలి.

ఊరిని వెంట తీసుకెళ్ళినవాళ్ళు

ఈ నేల మీద పుట్టి బయటికి వెళ్ళినవాళ్ళు అడక్కుండానే తమ తాలూకు చెప్పుకున్నారు. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్యది ఇక్కడికి దగ్గరలోని మొవ్వ. మదురకి వెళ్ళినా, తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువుకి వెళ్ళినా, గోలకొండకి వెళ్ళినా తన పదాల్లో మువ్వగోపాలుణ్ణే పిలిచాడు. పదం ముద్రలోనే ఊరు పేరుంది. మూడున్నర శతాబ్దాలుగా ఎక్కడెక్కడి గాయకులో ఆ ఊరి పేరు పలుకుతూనే ఉన్నారు.

చల్లపల్లి దారిలో పామర్రు నుంచి పది కిలోమీటర్ల లోపే కూచిపూడి. ఊరి పేరే నాట్యం పేరైపోయింది. 1929లో అక్కడ పుట్టిన వెంపటి చిన సత్యం మద్రాసు వెళ్ళి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అకాడమీ పేరులోనూ ఊరే. ఈ రోజుకీ దూరదేశాల నుంచి నాట్యం నేర్చుకోవడానికో, ఆ మట్టి కళ్ళకద్దుకోవడానికో వచ్చేవాళ్ళలో చాలామంది పామర్రు సెంటర్ మీదుగానే వెళ్తారు. గజ్జెల సంచీ భుజాన వేసుకుని దారి అడిగే అమ్మాయికి టీ కొట్టాయన బస్సు చూపిస్తాడు. ఎవరికి ఎక్కడికి దారి చెప్పాలో ఈ సెంటర్‌కి తెలిసినంతగా ఏ ఫోనుకీ తెలీదు.

1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్యది మొవ్వ మండలం భట్లపెనుమర్రు. 1974లో 'ఈనాడు' పెట్టిన రామోజీరావుది పెదపారుపూడి. వీళ్ళ పేర్లు చెబుతుంటే పామర్రు వాళ్ళ గొంతులో ఒక వెచ్చదనం వస్తుంది. చూడని మనిషి గురించి కూడా పక్కింటి అబ్బాయి గురించి చెప్పినట్టు చెబుతారు.

తెలిసిన మొహాల బరువు

చిన్న ఊళ్ళో బతకడం అచ్చంగా హాయి అని రాస్తే అబద్ధం అవుతుంది. అందరికీ అందరూ తెలియడం బరువు కూడా. ఇంటరు చదివే ఆడపిల్ల సెంటర్లో ఎవరితో మాట్లాడిందో ఆ పిల్ల ఇంటికి చేరేలోపే ఆ కబురు ఇంటికి చేరుతుంది. పరీక్ష తప్పితే ఓదార్పు కంటే ముందు ప్రశ్నలు వస్తాయి. మొగుడు వదిలేసిన కూతురు పుట్టింటికి వస్తే, ఆ వీధిలో ఆవిడ కంటే ముందు ఆవిడ కథ నడుస్తుంది. మా అమ్మమ్మగారి ఊరు నిడుమోలు. వేసవి సెలవుల్లో అక్కడున్నన్నాళ్ళూ మేం నవ్వినా, గట్టిగా మాట్లాడినా అరుగుల మీంచి లెక్క రాసుకునేవాళ్ళు. ఆ కళ్ళకి దూరంగా వెళ్ళిపోవాలని నేనూ కోరుకున్నాను, వెళ్ళాను.

అంతకంటే బరువైనది ఇంకొకటుంది. "ఎవరి తాలూకు?" అన్న మాట అందరి చెవిలో ఒకేలా పడదు. కొందరికి అది తెరుచుకునే తలుపు. కొందరికి గుమ్మం దగ్గరే ఆపే చెయ్యి. ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన నర్సమ్మో, టీచరో అద్దె ఇల్లు అడిగితే, "ఏ ఊరమ్మా?" తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో మన చిన్న ఊళ్ళన్నిటికీ తెలుసు. "మీరేవిట్లు?" జవాబుని బట్టి గది ఖాళీగా ఉండటమో, నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉండటమో జరుగుతుంది. శాసనసభకి ఎవరు వెళ్ళాలో రాజ్యాంగం నియమం పెట్టగలిగింది. మేడ మీది రెండు గదుల వాటాలో ఎవరు ఉండొచ్చో ఇంకా ఇంటాయన మనసే నియమం పెడుతోంది. ఊరు మనిషిని గుర్తుపట్టడం గొప్ప గుణం. కులాన్ని గుర్తుపట్టి మనిషిని మరిచిపోవడం ఆ గుణానికి పట్టిన తెగులు. పల్లాకు తెగులు లాంటిదే, ఒక ఆకుతో ఆగదు. ఈ ఊళ్ళని ప్రేమించేవాళ్ళే ఈ మాట ముందుగా అనాలి.

తాళం చెవులు

ఏ వీధిలో చూసినా తాళం వేసిన ఇళ్ళు కనిపిస్తాయి. మంచి ఇళ్ళు, గ్రానైటు అరుగులు, గేటు మీద పేరు, లోపల ఎండిన తులసి. పిల్లలు డల్లాస్‌లోనో బెంగుళూరులోనో ఉంటారు. కొన్ని ఇళ్ళలో తాళం ఇంకా పడలేదు, తల్లో తండ్రో ఒక్కరే ఉంటున్నారు.

అలా ఒంటరిగా ఉంటున్న ఒక రిటైరైన మాస్టారి ఇంటికి వెళ్ళాను. పొద్దున్నే పాలబ్బాయి గేటు దగ్గర పిలుస్తాడు. మాస్టారు పలికేదాకా కదలడు. పలక్కపోతే ఎదురింటావిడ దగ్గర రెండో తాళం చెవి ఉంది. మందుల షాపు కుర్రాడికి ఆయన బీపీ మాత్ర ఎప్పుడు అయిపోతుందో తెలుసు. రెండు రోజులు ఆలస్యమైతే తనే ఫోన్ చేస్తాడు. ఆ కుర్రాడు మాస్టారి దగ్గర లెక్కలు చెప్పించుకున్నవాడు. సాయంత్రం అరుగు మీదికి పేపరు చదవడానికి ఇంకో ఇద్దరు వస్తారు. ఒకాయనకి చూపు లేదు, మాస్టారు చదివితే వింటాడు. "మావాడు రమ్మంటున్నాడమ్మా, వెళ్ళి మూడు నెలలుండి వచ్చాను. అక్కడ అన్నీ ఉన్నాయి. ఒక్కటే, నన్ను 'మాస్టారూ' అనేవాళ్ళు లేరు" అన్నారాయన. ఫిర్యాదులా అనలేదు. వాచీ మర్చిపోయి వచ్చినవాడిలా ఖాళీ మణికట్టు తడుముకుంటూ అన్నారు.

పట్నంలో ఇలాంటి కనిపెట్టుకోవడానికి డబ్బు కట్టాలి. ఇక్కడ అది పాలతోపాటు వస్తుంది. అరుగుల మీంచి మమ్మల్ని లెక్క రాసుకున్న కళ్ళూ, మాస్టారి గేటు దగ్గర పలుకు కోసం ఆగే కళ్ళూ ఒకటేనని నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఆ చూపులో తీర్పు ఉంది, కాపలా కూడా ఉంది. మొదటిదాన్ని తగ్గించుకుని రెండోదాన్ని నిలుపుకోగలిగితే, ఇంతకంటే మంచి బతుకు మన నగరాలు చూపించలేవు.

పెద్ద ఊళ్ళకి చిన్న ఊళ్ళు కావాల్సింది కూరగాయల కోసం, ఓట్ల కోసం మాత్రమే కాకూడదు. కౌలు రైతుకి ఒక కాగితం, ఆడపిల్ల ఇంటికి దగ్గర్లోనే చేసుకోగల ఒక ఉద్యోగం, అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే విజయవాడ దాకా పరుగెత్తక్కర్లేని ఒక ఆసుపత్రి. ఈ మూడూ ఉంటే సగం ఇళ్ళకి తాళాలు పడవు. ఉండాలని ఉన్నవాళ్ళు ఉండగలగాలి. పామర్రు లాంటి ఊరు అడిగేది అంతే.

సాయంత్రం ఆరు దాటింది. సెంటర్లో పునుగుల బండి చుట్టూ జనం. "గుడివాడ, గుడివాడ" అని ఒక గొంతు, "బందరు ఎక్స్‌ప్రెస్" అని ఇంకో గొంతు. చల్లపల్లి నుంచి వచ్చిన బస్సులోంచి పొద్దుటి పెద్దావిడ దిగింది. అరటిపళ్ళ చోట సంచిలో ఇప్పుడు ములక్కాడలు. తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? చెప్పావు కాదు."

ఈసారి తడుముకోలేదు. నిడుమోలు అన్నాను. అమ్మమ్మ పేరు చెప్పాను, చెరువు గట్టు పక్క ఇల్లన్నాను, ఇంటి ముందు పొగడచెట్టు ఉండేదన్నాను. ఆవిడ కళ్ళు చికిలించి కాసేపు వెతికింది. అమ్మమ్మ దొరకలేదు. తాతయ్య దొరకలేదు. పొగడచెట్టు దొరికింది.

"ఆ చెట్టు కింద పూలేరుకున్నానమ్మా చిన్నప్పుడు. మా మేనత్తది ఆ వీధే" అని, సంచిలోంచి రెండు ములక్కాడలు తీసి నా చేతిలో పెట్టింది.